డజను పిల్లలు, ఒక స్టాప్‌వాచీ

గంపెడు పిల్లలున్న తండ్రి నవ్వించడానికి పెద్దగా కష్టపడనక్కర్లేదని లోకం అనుకుంటుంది. ఎవరి చొక్కా ఎవరు తొడుక్కున్నారో తెలియదు. పిలిచిన పేరు ఒకటైతే పలికే గొంతు మరొకటి. పండక్కి చెప్పులు కొనడమంటే దుకాణంలో అరలు ఖాళీ చేయడమే. ఉన్నది ఉన్నట్టు చెప్పినా వినేవాళ్లు పొట్ట పట్టుకుంటారు. అయితే ఈ నవ్వులో తండ్రి చేతికష్టం ఎంత అని చూస్తే చాలాసార్లు పెద్దగా ఏమీ కనబడదు. అల్లరి పిల్లలది, సర్దుబాటు తల్లిది, నలుగురిలో కూర్చుని చెప్పుకునే సరదా మాత్రం ఆయనది. అందుకే పెద్ద సంసారం మీద తండ్రులు చెప్పే హాస్యాన్ని వింటూ నవ్వుకున్నాక ఒక ప్రశ్న వేసుకోవాలి. ఆ హాస్యం ఇంట్లో ఏమైనా పని చేసిందా, లేక పని జరుగుతుంటే పడక్కుర్చీలోంచి చేసిన వ్యాఖ్యానమేనా? దీనికి జవాబు వెతకడానికి ఫ్రాంక్ గిల్‌బ్రెత్ ఇల్లు చాలా అనువైన చోటు. నవ్వించడం ఆయన స్వభావం, మనుషులు చేసే పనిని సెకన్లలో కొలవడం ఆయన వృత్తి, పుట్టిన పిల్లలు పన్నెండు మంది. పెద్ద కుటుంబంలో తండ్రి హాస్యం నిజంగా పనికొచ్చేది అది పెత్తనానికి కళ్లెం వేసినప్పుడేనని ఆ ఇంటి చరిత్ర చూస్తే నాకనిపిస్తుంది. దానికైన ఖర్చు ఎవరి పద్దులో పడిందన్నది కూడా ఆ చరిత్రలోనే ఉంది.

గిల్‌బ్రెత్ 1868లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో పుట్టాడు. పదిహేడేళ్లకు కాలేజీ మాట పక్కనబెట్టి తాపీపనిలో చేరాడు. అక్కడ ఆయన కంట పడింది చిన్న విషయమే. పని నేర్పేటప్పుడు మేస్త్రి ఇటుక పేర్చే తీరు ఒకటి, తొందరలో ఉన్నప్పుడు ఇంకొకటి, తీరుబడిగా ఉన్నప్పుడు మరొకటి. వాటిలో ఏది మేలో మేస్త్రికే తెలియదు. ఇటుక కోసం ప్రతిసారీ కిందికి వంగి లేచే మనిషి ఇటుకతో పాటు తన ఒంటి బరువునూ ఎత్తుతున్నాడని గమనించి, ఇటుకలు నడుమెత్తున చేతికందేలా గోడతో పాటు పైకి జరుపుకునే పరంజా తయారుచేశాడు. ఇటుకకు 18 కదలికలు పట్టే పని 5కు దిగింది. గంటకు 120 ఇటుకలు పేర్చే చోట 350 పేర్చగలిగారని, పనితీరును అధ్యయనం చేసిన ఇంజినీరు ఫ్రెడరిక్ టేలర్ 1911లో అచ్చయిన తన పుస్తకంలో రాశాడు. ఆ తర్వాత గిల్‌బ్రెత్ ఫ్యాక్టరీల్లో సినిమా కెమెరా నిలబెట్టి, దృశ్యంలో గడియారం కూడా కనబడేలా పెట్టి, చేతులు చేసే ప్రతి పనినీ వెతకడం, పట్టుకోవడం, మోయడం, వదలడం వంటి చిన్న చిన్న తునకలుగా విడగొట్టాడు. 1904లో లిలియన్ మోలర్‌ను పెళ్లాడాడు. ఆరుగురు ఆడపిల్లలూ ఆరుగురు మగపిల్లలూ కావాలని దంపతులు ముందే అనుకున్నారట. 1905 నుంచి 1922 లోపు సరిగ్గా ఆ లెక్కకే పుట్టారు. ఫ్యాక్టరీలో నేర్చిన విద్యను ఇంట్లో వాడకుండా ఉండటం అలాంటి మనిషి వల్ల అయ్యే పని కాదు.

ఆ ఇంటి సంగతులు లోకానికి తెలిసింది 1948లో, కొడుకు ఫ్రాంక్ జూనియర్, కూతురు ఎర్నెస్టిన్ కలిసి రాసిన 'చీపర్ బై ది డజన్' ద్వారా. రెండేళ్లకే అది సినిమా అయింది. ఇంతమందిని ఎలా సాకుతున్నారని ఎవరైనా అడిగితే, డజను లెక్కన తీసుకుంటే చవకగా పడతారని తండ్రి చెప్పే పాత జోకే పుస్తకానికి పేరైంది. పిల్లలందర్నీ కారులో కుక్కుకుని బయల్దేరి, దారిలో సుంకం గేటు రాగానే అక్కడి ఉద్యోగిది ఏ దేశపు మూలమో ముఖం చూసి అంచనా వేసి, నా పిల్లలూ మీవాళ్లే, డజను మీద ఏమైనా తగ్గిస్తారా అని అడిగే రకం ఆయన. ఇంట్లో స్నానాల గదిలో ఒక పట్టిక వేలాడుతూ ఉండేది. పళ్లు తోముకున్నా, స్నానం చేసినా, తల దువ్వుకున్నా, పక్క సర్దినా రాత వచ్చిన ప్రతి పిల్లా పిల్లాడూ అందులో తమ పొడి అక్షరాలు వేయాల్సిందే. స్నానం చేసేసేపూ చెవులు ఖాళీగా ఉన్నాయి కదా అని అక్కడ గ్రామఫోను పెట్టి ఫ్రెంచి, జర్మన్ పాఠాల రికార్డులు తిప్పించాడు. ఆయన ఈల వేస్తే ఎక్కడున్నవాళ్లు అక్కడినుంచి పరిగెత్తుకొచ్చి వరసలో నిలబడాలి, ఆయన చేతిలో స్టాప్‌వాచీ. అందరూ చేరడానికి పట్టిన అతి తక్కువ కాలం ఆరు సెకన్లని పుస్తకం చెబుతుంది. స్కూలు గంట కొట్టినా కదలని పిల్లలున్న కాలంలో ఈ లెక్క నమ్మబుద్ధి కాదు గానీ, అది వేరే మాట.

ఇదంతా చదివితే ఇల్లో బ్యారెక్సో తెలియదు, ఇందులో హాస్యం ఎక్కడుందని అడగవచ్చు. హాస్యం ఆయన గడ్డం మీద ఉంది. వెయిస్ట్‌కోటు గుండీలు కింది నుంచి పైకి పెట్టుకుంటే మూడు సెకన్లు, పైనుంచి కిందికైతే ఏడు అని తేల్చి, ఆ నాలుగు సెకన్ల కోసం రోజూ కింది గుండీ నుంచే మొదలుపెట్టేవాడు. సబ్బు నురగ పూసుకోవడానికి రెండు చేతుల్లో రెండు బ్రష్‌లు పట్టి 17 సెకన్లు మిగిల్చాడు. ఆ ఉత్సాహంలో రెండు చేతుల్లో రెండు కత్తులు పట్టి గడ్డం గీసుకుంటే 44 సెకన్లు మిగిలాయి. కానీ గొంతు తెగి, కట్టు కట్టుకోవడానికి రెండు నిమిషాలు పోయాయి. తెగిన గాయం గురించి ఆయన ఒక్క మాటా అనలేదనీ, పోయిన రెండు నిమిషాల గురించే సణిగాడనీ పిల్లలు రాశారు. గొంతుకు కట్టుతో బల్ల దగ్గరికొచ్చి కూర్చున్న తండ్రిని చూసి నవ్వుకున్న పిల్లవాడికి, మర్నాడు పట్టికలో సంతకం చేయమంటే బరువనిపించదు. నియమం పెట్టినవాడి మెడకే అది ముందు తగిలింది. ఇంట్లో అందరి మీదా జోకులు వేసి తన మీద ఈగ వాలనివ్వని తండ్రికీ ఈయనకూ ఉన్న తేడా ఇదే. తెలుగులో మునిమాణిక్యం నరసింహారావు కాంతం కథలు ఇన్నేళ్లు నిలవడానికీ కారణం ఇలాంటిదే అనిపిస్తుంది. అక్కడ కథ చెప్పే భర్త పాండిత్యం చాలాసార్లు ఇల్లాలి ముందు తేలిపోతుంది. ఆ తేలిపోవడాన్ని ఆయనే చెబుతాడు కాబట్టి నవ్వుతాం. ఎదుటివాళ్ల మీద గెలిచే హాస్యం ఒక పూటకు సరిపోతుంది. ఏళ్ల తరబడి ఒకే కప్పు కింద బతికే మనుషుల మధ్య ఆ గెలుపు నిలవదు.

ఆదివారాల్లో జరిగే కుటుంబ సభను చూస్తే ఇది ఇంకా తేటగా తెలుస్తుంది. ఫ్యాక్టరీల్లో యజమానులూ కార్మికులూ కలిసి కూర్చునే సంఘాల నమూనాలో గిల్‌బ్రెత్ ఆ సభను పెట్టాడు. అధ్యక్షుడు ఆయనే, పిల్లలకు ఓట్లున్నాయి. కొనుగోళ్లు చూసే సంఘం ఒకటి, పనులు చూసే సంఘం ఒకటి. సొంత డబ్బు కావాలనుకున్నవాళ్లు మామూలు వంతు పనులు కాక అదనపు పనులకు టెండర్లు వేయవచ్చు, ఎవరు తక్కువకు వేస్తే పని వాళ్లది. ఇంటివెనక పొడుగాటి కంచెకు రంగు వేసే పనికి ఎనిమిదేళ్ల కూతురు లిల్ 47 సెంట్లకు వేసి దక్కించుకుంది. పని మొదలుపెట్టాక చేతులు బొబ్బలెక్కి, రాత్రిళ్లు నిద్రపట్టని స్థితికి వచ్చింది. తల్లి వద్దంది. ఒప్పుకున్న పని పూర్తి చేయాల్సిందేనని తండ్రి పట్టుపట్టాడు. చివరికి పూర్తిచేసింది, 47 సెంట్లూ తీసుకుంది. తీరా చూస్తే ఆ డబ్బుతో ఆమె కొనుక్కోవాలనుకున్న రోలర్ స్కేట్లను తండ్రి ముందే తెచ్చి తలగడ కింద పెట్టాడు. అక్కడ ఆయన మెత్తబడ్డ మాట నిజమే. ఎనిమిదేళ్ల పిల్లకు కాంట్రాక్టు నీతి నేర్పడంలో మాత్రం హాస్యం ఏ మూలా కనిపించదు, నాకు ఆ కథలో తల్లి మాటే సరైనదనిపిస్తుంది. కానీ అదే సభలో ఒకరోజు పిల్లలు కుక్కను కొనాలని తీర్మానం పెట్టారు. అయిదు డాలర్లు దండగ అని, ఆ కుక్క బొచ్చు రాలుస్తుందని తండ్రి వాదించాడు, ఓట్లు లెక్కిస్తే ఓడాడు. కుక్క వచ్చింది. ఓడిన అధ్యక్షుడు గొణుక్కుంటూనే ఊరుకున్నాడు. ఓటు ఇచ్చి, ఓడినప్పుడు ఆ లెక్కను చింపేయని తండ్రులు ఆ కాలంలోనే కాదు, ఈ కాలంలోనూ అరుదు.

దీనిమీద గట్టి అభ్యంతరమే ఉంది. నవ్వుతూ చేయించినా చాకిరీ చాకిరీయే కదా, పిల్లల బాల్యాన్ని సెకన్లుగా కోసి లెక్కగట్టిన మనిషిని మెచ్చుకోవడమేమిటని అడుగుతారు. ఇందులో సగం ఒప్పుకోవాల్సిందే. భోజనాల బల్ల దగ్గర అందరికీ ఆసక్తి కలిగే మాటలు తప్ప మరొకటి మాట్లాడకూడదని ఆయన నియమం. స్కూల్లో ఒక పిల్లాడు ఏమన్నాడన్నది ఆ కోవలోకి రాదు. కదలికల విద్య గురించి ఆయన చెప్పేదంతా మాత్రం ఎప్పుడూ వస్తుంది. పక్కన కూర్చున్న పిల్లలకు నోటిలెక్కతో రెండంకెల గుణకారాలు. ఇక్కడ నియమం ఆయన మెడకు తగల్లేదు, అందుకే ఇక్కడి హాస్యం కాస్త పుల్లగా ఉంటుంది. పిల్లలకు టాన్సిల్స్ తీయించే రోజున ఇంట్లోనే కెమెరా పెట్టించి, శస్త్రవైద్యుల చేతుల కదలికలు అధ్యయనం చేద్దామనుకున్నాడు. పిల్లలు నొప్పితో మూలుగుతుంటే తండ్రి రీళ్ల ధ్యాసలో ఉన్నాడు. తీరా కెమెరా లోపలి మూత తీయడం మరిచిపోవడంతో ఫిల్ము మీద ఏమీ పడలేదు. పుస్తకం ఈ ఘట్టాన్ని పగలబడి నవ్వేలా చెబుతుంది. నవ్వాక మాత్రం, పిల్లల నొప్పి కంటే పెద్దదేముందని ఆ రోజు కెమెరా తెచ్చారన్న ప్రశ్న మిగులుతుంది. అయితే ఒప్పుకోలేని రెండో సగం కూడా ఉంది. మిగిల్చిన సెకన్లను ఏం చేసుకోవాలో ఆయన పిల్లలకు చెప్పలేదు. పని త్వరగా తెమిల్చేది తీరిక కోసమేనని ఆయన నమ్మాడు. వేసవి వస్తే అందర్నీ న్యాన్‌టకెట్ దీవిలోని కుటీరానికి తీసుకెళ్లేవాడు. అక్కడ గోడల మీద మోర్స్ అక్షరాలు రాయించి, ఆ సంకేతాల్లో జోకులూ, దాచిన బహుమతుల జాడలూ రాసి వదిలేవాడు. పిల్లలు చదవమంటే చదవని విద్యను ఆశ పెట్టి నేర్పించాడు. ఫ్యాక్టరీలో ఏ యజమానీ గోడ మీద జోకు రాయించడు.

రెండో అభ్యంతరం పుస్తకం మీదే. తండ్రి పోయిన 24 ఏళ్లకు, పెరిగి పెద్దయిన పిల్లలు రాసుకున్న జ్ఞాపకం కదా, అందులో చేదు వడగట్టి ఉండదా? ఉంటుంది. చదివినవాళ్లకు పన్నెండు మందీ ఒకే బల్ల చుట్టూ కూర్చున్నట్టు తోస్తుంది. నిజానికి ఆ ఇంట్లో పన్నెండు మంది ఒక్కపూట కూడా కలిసి అన్నం తినలేదు. రెండో బిడ్డ మేరీ 1912లో, అయిదేళ్ల వయసులో, డిఫ్తీరియాతో చనిపోయింది. అప్పటికి చివరి ఏడుగురు పుట్టనే లేదు. ఏ రోజున లెక్కపెట్టినా పదకొండు మందికి మించలేదు. డజను అన్న మాటలోని సరదా కోసం హాస్యం ఒక బిడ్డ లేకపోవడాన్ని కప్పేసింది. పెద్ద సంసారాల గురించిన నవ్వు కథలన్నిట్లో ఈ గుణం ఉంటుంది, మన ఇళ్లలో తాతమ్మలు చెప్పే లెక్కల్లోనూ పుట్టినవాళ్లు ఒక అంకె, మిగిలినవాళ్లు ఒక అంకె. అయినా ఈ కారణంగా పుస్తకాన్ని పూర్తిగా పక్కన పెట్టేయడం తొందరపాటు. తండ్రిని దేవుణ్ణి చేయాలనుకున్నవాళ్లు గొంతు కోసుకున్న సంగతి, కుక్క దగ్గర ఓడిన సంగతి, ఖాళీ ఫిల్ము సంగతి దాచేవారు. పిల్లల చేతిలో తండ్రి ఇలా నవ్వులపాలు కావడమే ఆ ఇంట్లో పెత్తనం ఏ పాళ్లలో ఉండేదో చెప్పే సాక్ష్యం. భయపడ్డ పిల్లలు రాసే పుస్తకం వేరేలా ఉంటుంది.

మూడో ప్రశ్నకు మాత్రం తేలిగ్గా సమాధానం చెప్పలేం. ఈ సరదా అంతా ఎవరి కష్టం మీద నడిచింది? ఇంట్లో వంటమనిషి ఉంది, పైపనులకు మనిషి ఉన్నాడు, చాలా ఏళ్లు గిల్‌బ్రెత్ తల్లి కూడా ఉండి ఇల్లు చూసుకుంది. వీళ్లందరి వెనక లిలియన్ ఉంది. ఆమె కాన్పుల మధ్య చదువుకుంది, కాన్పుల మధ్యే రాసింది. 1914లో ఆమె రాసిన 'ది సైకాలజీ ఆఫ్ మేనేజ్‌మెంట్' పుస్తకం మీద రచయిత ఆడమనిషని తెలియకుండా పొడి అక్షరాలతోనే పేరు వేశారు. 1915లో బ్రౌన్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ తీసుకునే నాటికే ఆమె చాలామంది పిల్లల తల్లి. మనిషి అలసట, విసుగు, మనసు అనే అంశాలు భర్త స్టాప్‌వాచీ లెక్కల్లోకి వచ్చింది ఆమె వల్లనే. కదలికలు తగ్గించడం ఆయన చూశాడు, ఆ తగ్గించడాన్ని మనుషులు ఎందుకు ఒప్పుకుంటారో ఆమె చూసింది. తండ్రి హాస్యం పెత్తనాన్ని మెత్తబరిచిందని ఇంతసేపూ చెప్పిన మాట దీనితో తప్పుకాదు గానీ, సగమే అవుతుంది. ఈల ఊదడం ఒక్కరి పని, ఆ ఈలకు పిల్లలు వచ్చేసరికి వాళ్ల ముఖాలు కడిగి, కడుపులు నింపి ఉంచడం వేరొకరి పని. లిలియన్ నవ్వే మనిషి కాదని పుస్తకం ఎక్కడా అనదు. ఆమెకు నవ్వించే పాత్ర దొరకలేదు, అంతే. 1970లో ఫ్రాంక్ జూనియర్ తల్లిదండ్రుల మీద మళ్లీ ఒక పుస్తకం రాశాడు. మొదటి పుస్తకంలో తండ్రి పక్కన మసకగా ఉండిపోయిన తల్లి ఇందులో సరిసమానంగా కనిపిస్తుంది.

ఇక్కడ మన వైపు చూస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. తెలుగు ఇళ్లలో హాస్యం వరసను బట్టి పంపకమై ఉంటుంది. బావ మరదల్ని ఏడిపించవచ్చు, మేనమామ మేనల్లుణ్ణి ఆటపట్టించవచ్చు, తాత మనవరాలిని నన్ను పెళ్లాడతావా అని అడగవచ్చు. తండ్రికి ఆ పంపకంలో వాటా రాలేదు. వీధిలో ఆయన చెప్పుల చప్పుడు వినగానే ఇల్లు పీకి పందిరేస్తున్న పిల్లలు పుస్తకాల ముందు చేరాలి, అదీ పద్ధతి. గంపెడు పిల్లలున్న రోజుల్లో మన తండ్రులు నవ్వించలేదంటే వాళ్లకు రసికత లేదని కాదు, ఆ ఉద్యోగం వేరేవాళ్లకు అప్పజెప్పారు. ఇప్పుడా వేరేవాళ్లు తగ్గిపోయారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక్కో స్త్రీకి పిల్లల సగటు ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. ఒక్కడే కొడుకైన ఇంట్లో పుట్టిన బిడ్డకు బాబాయి లేడు, ఒక్కతే కూతురైన తల్లి వైపు మేనమామ లేడు. ఆట పట్టించే పని చివరికి తండ్రి నెత్తినే పడింది. పిల్లలు ఎక్కువగా ఉన్నప్పుడు గంభీరంగా ఉన్న తండ్రి, ఒకరిద్దరికి దిగాక హాస్యగాడయ్యాడు. ఈలోగా గాలి మళ్లీ మారుతోంది. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులని 1994 నుంచి ఉన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో ఎత్తేసింది. ఎక్కువ మందిని కనమనే పిలుపులూ వినబడుతున్నాయి. పెద్ద ఇళ్ల పాత సందడిని తలుచుకుని మురిసిపోయే మాటలకు ఇక కొదవ ఉండదు. ఆ మాటలు ఎక్కువగా మగవాళ్ల నోట వినబడుతున్నాయంటే కారణం ఊహించడం కష్టం కాదు, సందడి గుర్తుండేది వాళ్లకు, గిన్నెలు గుర్తుండేది ఇంకొకరికి.

గిల్‌బ్రెత్ హాస్యం ఎంత గట్టిదో తేలింది ఆయన లేనప్పుడు. కొన్నేళ్లుగా గుండె జబ్బు ఉంది, ఆ సంగతి భార్యాభర్తలిద్దరికీ తెలుసు. పిల్లలను అంత తొందరగా చదివించడం, ఇల్లు తనంతట తాను నడిచేలా సభలూ సంఘాలూ పెట్టడం అందుకేనేమోనని పిల్లలకు తర్వాత తోచింది. 1924 జూన్ 14న లండన్, ప్రాగ్ నగరాల్లో సదస్సులకు బయల్దేరే ముందు, తాముండే మాంట్‌క్లేర్ ఊరి రైల్వే స్టేషన్‌లో టెలిఫోన్ పట్టుకుని లిలియన్‌తో మాట్లాడుతూనే కూలిపోయాడు. పెద్ద కూతురికి ఇంకా పంతొమ్మిది నిండలేదు, చివరి పిల్లకు రెండేళ్లు. లిలియన్ కుటుంబ సభను పిలిచి తను అధ్యక్ష స్థానంలో కూర్చుంది. ఇల్లు అమ్మేసి కాలిఫోర్నియాలో అమ్మమ్మ దగ్గరికి వెళ్లాలా, లేక ఇక్కడే ఉండి, ఖర్చులు బిగించి, నాన్న వదిలిన పని తను చేస్తే పిల్లలు ఇల్లు చూసుకుంటారా అన్నది చర్చ. ఉండటానికే ఓటు పడింది. కొద్ది రోజులకే ఆమె భర్త ఎక్కాల్సిన ఓడ ఎక్కి ఐరోపా వెళ్లి ఆ ప్రసంగాలు చేసింది. తిరిగి వచ్చేసరికి ఆడమనిషి సలహా మాకెందుకని కొన్ని కంపెనీలు ఒప్పందాలు వదిలేసుకున్నాయి. దాంతో ఆమె ఇంట్లోనే తరగతులు పెట్టి ఫ్యాక్టరీ మేనేజర్లకు కదలికల విద్య నేర్పింది. తర్వాత వంటగదుల మీదకు దృష్టి మళ్లించి, పొయ్యి గట్టు ఎంత ఎత్తుండాలో, కూరలు తరిగే చోటికీ పొయ్యికీ మధ్య ఎన్ని అడుగులు నడవాలో లెక్కలు కట్టింది. 1935లో పర్డ్యూ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరైంది. అమెరికా జాతీయ ఇంజినీరింగ్ అకాడమీకి ఎన్నికైన తొలి మహిళ ఆమే. పదకొండు మందినీ కాలేజీ చదువులు చదివించి, భర్త పోయాక మరో 48 ఏళ్లు బతికింది. అన్ని వంటగదులకు కొలతలు చెప్పిన ఆ ఇల్లాలికి తన ఇంట్లో వంట చేయడం పెద్దగా చేతకాదని, ఆ సంగతి చెప్పి పిల్లలు చివరిదాకా నవ్వుకునేవారు.